పచ్చ తీగ

వనపర్తిలో ఒక వంటిల్లు. సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన రాఘవేందర్ సారు గోడకు కొత్త చిమ్నీ బిగించి ఉంది. దాని తీగలు పట్టుకుని స్టూలు మీద నిలబడినవాడు ఆయన పాత శిష్యుడు, కరెంటు పని చేసే బుచ్చన్న.

“ఆ పచ్చ తీగ కత్తిరించి పడెయ్, బుచ్చన్నా. రెండు తీగలు కలిపితే చిమ్నీ తిరగదా ఏంది?”

“తిరుగుతది సార్. దాంతోపాటు మీ కండ్లు గూడ తిరుగుతయ్.”

“పదో తరగతి సైన్సుల ఎన్ని మార్కులు వచ్చినయ్‌రా నీకు?”

“ముప్పై ఐదు. మీరే వేసిండ్రు. అందుల ఎర్తింగు ప్రశ్నకే నాలుగు.”

“నాలుగిస్తేనే గింత మాట్లాడుతున్నవ్. ఐదిస్తే బతకనిచ్చేటోనివి కాదు.”

“చిమ్నీ ఒళ్లంత రేకు సార్. లోపల తీగ వదులైతే కరెంటు రేకులకొస్తది. పచ్చ తీగ ఉంటే భూమిలకు పోతది. లేకుంటే మీ చేతులకు.”

“నాకే పాఠం చెప్తున్నవా?”

“ఫీజు ఏం వద్దు సార్.”

“జర జల్ది కానియ్. పోపు పెడితే ఇల్లంత పొగ. పక్కింటి నవనీత నిన్న ఫైరింజన్‌కు ఫోన్ చేస్తనన్నది.”

“ఏం వండిండ్రు?”

“పప్పు.”

“పేరైతే మంచిగనే ఉంది. సార్, ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటలేదా?”

“మూడు నెలల సంది అంటున్నది. చెప్పులేసుకొని ముట్టుకుంటున్న.”

“శానా గొప్ప సైన్సు! ఇగో, బల్బు ఒక కొస ఫేజుకు, ఇంకో కొస ఎర్తుకు పెట్టిన. వెలుగుతలేదు. పెరట్ల మీ ఎర్తు గుంత సచ్చిపోయింది.”

“మాట చూసుకొని మాట్లాడు.”

“తప్పైంది సార్. ఎండిపోయింది. బట్టలుతికే బండ పక్క పైపు లేదా, దాని మొదట్ల తడి ఉంటెనే పనిచేస్తది. నీళ్లు ఎవరు పోస్తుండ్రు?”

“ఇనుప పైపుకు నీళ్లెవరు పోస్తరు? ... మా ఇంటామె పద్మజ పోసేది. రోజు పొద్దున, బియ్యం కడిగిన నీళ్లు. మొగ్గ వేసిందా అని ఎక్కిరించేటోన్ని.”

“అమ్మ ఏమనేది?”

“నవ్వి ఊకునేది.”

“ఆఖరుసారి ఎప్పుడు పోసింది సార్?”

“ఫ్రిజ్ సంగతి చెప్పిన గదా. మూడు నెలలు.”

“అంటే అమ్మ పోయినప్పటి సంది ఎండుతున్నది సార్.”

“ఏడో తరగతి దాటని మనిషికి ఎర్తు గుంత సంగతి ఎట్ల తెలిసింది?”

“నేనే చెప్పిన సార్, బోరు మోటరు బిగించనీకి వచ్చినప్పుడు. మీకు గూడ చెప్తనంటే వద్దన్నది.”

“ఎందుకు?”

“ఎందుకో... పోనియ్యండ్రి సార్.”

“చెప్పు.”

“‘ముప్పై ఏండ్ల సంది పిల్లలకు అదే పాఠం చెప్తుండు. ఇంట్ల మర్చిపోయిండని తెలిస్తే చిన్నబోతడు. నేను పోస్తలే’ అన్నది.”

“ఆగు, బిందె తెస్త.”

“సార్, ఇయ్యాలకైతే రెండు బిందెలు పోద్దాం. బల్బు వెలిగినంక మెయిన్ బందు పెట్టి చిమ్నీ కలుపుత. రేపటి సంది మీరు రోజు పోయాలె. ఏ నీళ్లైనా నడుస్తయ్.”

“లేదు. బియ్యం కడిగినవే పోస్త. ఎన్నిసార్లు కడగాల్నో గూడ నీకేమన్న చెప్పిందా, బుచ్చన్నా?”