గేటు దగ్గర వేలాడిన పెన్సిలు

హిందీ మాట్లాడే ఓ కార్ఖానా ఊళ్ళో, బర్మామైన్స్ అనే పేటలో పైడిబాబు టీ కొట్టు ముందు రెండు బెంచీలుంటాయి. ఒకదాని మీద టీ తాగేవాళ్ళు కూర్చుంటారు. రెండోదాని మీద అప్పలరాజు కూర్చుంటాడు. మాట్లాడేటప్పుడు చేతులు బారలు చాపుతాడు కాబట్టి ఆయన పక్కన ఎవరికీ చోటుండదు. కార్ఖానాకి వచ్చే బొగ్గు వాగన్లు ఖాళీ చేయించే ఓ కాంట్రాక్టరు దగ్గర ఆయన ముప్ఫై ఏళ్ళు డ్యూటీ చార్టులు రాశాడు. ఏ మనిషి ఏ రోజు ఏ షిఫ్టుకి రావాలో పెద్ద కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి గేటు దగ్గర అంటించడం ఆయన పని. రిటైరై నాలుగేళ్ళయినా చెవి మీద పెన్సిలు ముక్క ఇంకా దిగలేదు.

ఆయన కోతలకి పాత శ్రోత తవిటయ్య. అదే కాంట్రాక్టరు కింద పార పట్టి బొగ్గు ఎత్తినవాడు. ఇద్దరూ శ్రీకాకుళం నుంచి ఒకే ఏడు వచ్చారు, ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. తవిటయ్య ఏనాడూ ఎదురు చెప్పడు, గ్లాసు పట్టుకుని 'ఊఁ' కొడతాడు. అప్పలరాజు అబద్ధాలంటే ఆయనకి నిజంగానే ఇష్టం. వాటిలో ఎవరికీ నష్టం లేదు, రోజంతా పేరుకున్న అలసట మాత్రం పోతుంది.

ఆ సాయంత్రం మాత్రం ఊఁ కొట్టడం కష్టమైంది. అప్పలరాజు కూతురు సౌజన్య కూడా వచ్చి కూర్చుంది, ఒళ్ళో పాత చార్టుల కట్టతో.

సౌజన్య చదువు సంగతి కొట్టులో అందరికీ తెలుసు, అర్థమైనవాళ్ళు తక్కువ. విమాన కంపెనీల్లో ఏ విమానం ఎప్పుడెగరాలి, ఏ పైలట్టు దేన్లో ఎక్కాలి, పొగమంచొచ్చి అంతా తారుమారైతే మళ్ళీ ఎలా సర్దాలి, ఇవన్నీ కంప్యూటరుకి నేర్పే ఏఐ పరిశోధన ఆమెది. మర్నాడు పదకొండింటికి ఓ పెద్ద ఇంజనీరింగు విద్యాసంస్థ వాళ్ళు వీడియోలో ఇంటర్వ్యూ చేస్తారు. నెగ్గితే అక్కడ ఇదే పరిశోధన చేసే ప్రొఫెసరు ఉద్యోగం. ఆరేళ్ళుగా ఆ పిల్ల దీని కోసమే కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది.

"మావయ్యా, నువ్వైనా నాన్నని అడుగు," అంది తవిటయ్యతో. "రేపు చెప్పేదాంట్లో నాన్న చార్టులు పెట్టేను. విమానాలకైనా వాగన్లకైనా మనుషుల్ని సర్దడం ఒకటే గదా అని. మా గైడు సారు చూసి ఒకటే సవాల్ వేశారు. ఈ చార్టులో పేర్లు లేవు, నంబర్లే. ఒక నంబరు మనిషి సోమవారం ఏ, బీ, సీ మూడు షిఫ్టుల్లోనూ ఉన్నాడు. బుధవారం సీ షిఫ్టులో, అంటే రాత్రంతా, ఎవరూ లేరు. మరి హాజరు పుస్తకం చూస్తే పని ఒక్క రోజు కూడా ఆగలేదు. కైసే, ఎలా? జవాబు దొరక్కపోతే చార్టులు తీసెయ్యమన్నారు. తీసేస్తే నా దగ్గర అందరూ చెప్పేదే మిగులుద్ది."

ఆ మూడు షిఫ్టుల మనిషి తవిటయ్యే. ఆయన గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఇదేటంత పెద్ద సంగతా?" అన్నాడు అప్పలరాజు, చేతులు చాపి. "సెప్తాను. ముందు దీనెనకాల కత ఇనాల."

"కథ వద్దు నాన్నా, జవాబు కావాలి."

"జవాబు కతలోనే ఉన్నాది. ఓసారి నలభై రెండు మంది చార్టు అరగ్లాసు టీ తాగీలోగా రాసీసేను. కావాలంటే పైడిబాబుని అడుగు."

"టీ ఇచ్చిన మాట నిజిం," అన్నాడు పైడిబాబు జాగ్రత్తగా.

"ఇన్నారా! ఆ మాట కలకత్తా ఎల్లింది, కలకత్తా నుంచి ఢిల్లీ ఎల్లింది. ఆ యేడు సలికాలం ఢిల్లీలో మంచు పట్టింది సూడండి, ఎవుడి సెయ్యి ఆడికి అవుపడదు. ఓ విమానాల కంపెనీ, పేరు సెప్పను, మాటిచ్చేను, ఆళ్ళ విమానాలన్నీ ఢిల్లీలో ఉండిపోనాయి. పైలట్లందరూ గౌహతీలో. సామాన్లు విశాఖపట్నంలో. టిఫిన్లెట్టే అమ్మాయిలు రాంచీలో. కంప్యూటరుకి సెప్తే అది మూడ్రోజులు ఆలోసించి పొగొదిలీసింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"క్యా హువా చాచా?" అన్నాడు రాజ్‌కిరణ్. ఆటో నడుపుతాడు. తెలుగింటి పిల్లాడే గానీ తెలుగులో అడిగితే హిందీలో చెబుతాడు.

"నాకోసరం విమానం అంపేరు. నానేమో మేడ మీద వడియాలెడతన్నాను. సరిగ్గా మా ఇంటి మీదకొచ్చి ఆగింది."

"ప్లేన్ రుక్తా నహీఁ చాచా, గిర్ జాయేగా!"

"నీ ఆటో ఆగితే పడిపోద్దేటి? ముప్పయ్యేళ్ళు రైలింజన్లకి సెయ్యెత్తినోణ్ణి నాను. ఎత్తేను, ఆగింది. వడియాలు సగంలో ఉన్నాయి, గంటాగమన్నాను. గంటా అలగే ఏలాడింది. దాని నీడ పడి ఆవేళ వడియాలెండనేదు, అదొక్కటే నష్టం."

కొట్టు నవ్వింది. తవిటయ్య కూడా నవ్వాడు. సౌజన్య ఫోన్లో టైము చూసుకుంది.

"ఎక్కేను. సగం దూరం ఎల్లేక పైలట్టొచ్చి సేతులు కట్టుకున్నాడు. సారూ, నా డ్యూటీ పన్నెండింటికి అయిపోద్ది, రూలు పెకారం దిగిపోవాల, అన్నాడు. పన్నెండుకి ఐదు నిమిషాలున్నాది. కిందికి సూత్తే గంగానది. మరేటి సెయ్యాల? సెవి మీద పెన్సిలు తీసేను. ఎదురుగా ఇంకో విమానం వత్తంది, దాని పైలట్టు అప్పుడే డ్యూటీ ఎక్కేడు. మనూరి మాంగో వంతెన మీద రెండు బస్సులు రాసుకుంటా పోవేటి, అలగ రెండిట్నీ పక్కపక్కకి తెప్పించేను. కిటికీలు తీయించేను. ఈడు అందులోకి, ఆడు ఇందులోకి. షిఫ్టు మారిపోనాది!"

"మరి అలిసిపోయినోడు ఆ రెండో విమానం ఎలగ నడిపేడు?" అన్నాడు పైడిబాబు.

"ఆడు అందులో పడుకున్నాడు."

"మరి నడిపిందెవుడు?"

"అది మూడో విమానం సంగతి. మద్దిలో అడ్డు రాకండి. ఢిల్లీలో దిగేను. మంచు అలగే ఉన్నాది. ఎందుకొదల్నేదో తెలుసా? నాకు డౌటొచ్చి సూరీడి చార్టు తెప్పించేను."

"కిస్‌కా?"

"సూరీడిది! సూత్తే ఏటున్నాది? పుట్టిన కాణ్ణించీ పగలు పడే 'ఏ' షిఫ్టే. ఒక్కరోజు రెస్టు నేదు. మనిషైతే ఎప్పుడో పడిపోయీవోడు. పాపం అలిసిపోయి మంచెనకాల కునుకు తీత్తన్నాడు. సెంద్రుణ్ణి పిలిచి రెండ్రోజులు డబలు డ్యూటీ ఎయ్యమన్నాను. సూరీడు సుబ్బరంగా పడుకుని లేచొచ్చేడు, మంచు పారిపోనాది, విమానాలన్నీ ఒకేసారి లేచేయి. ఇదిగో, ఈ పిల్లకి ఆ సదువు ఊరికే అబ్బిందనుకున్నారా? నా నెత్తురు!"

బెంచీ మీద వాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. సౌజన్య మాత్రం కాగితాలు మడవడం మొదలుపెట్టింది.

"వద్దులే మావయ్యా," అంది మెల్లగా. "చార్టులు తీసేస్తాను. ఉద్యోగం దొరికితే దొరుకుద్ది, లేకపోతే లేదు."

జవాబు తవిటయ్య దగ్గరుంది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఉంది. చెబితే బావ పరువు కన్నకూతురి ముందే పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల రేపు వట్టి చేతుల్తో వెళుతుంది. ఆ చార్టు వల్లే తన ఇల్లు నిలబడింది, ఆ మాట తనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"బావా, సూరీడి చార్టు కూడా గేటు కాడ అంటించేవేటి?"

"ఆఁ, అంటించేను."

"మరైతే దాన్ని కూడా ఎవుడూ పాటించుండడు."

పైడిబాబు చేతిలో టీ వడకట్టే గుడ్డ ఆగిపోయింది. తవిటయ్య అడ్డు చెప్పడం ఆ కొట్టు ఎప్పుడూ వినలేదు.

"అమ్మా సౌజన్యా, రాసుకో. ఆ మూడు షిఫ్టులోణ్ణి నానే. మీ నాన్న చార్టు పెకారం మేం ఒక్కరోజు కూడా పని సెయ్యనేదు. మొదటి వారం అది సూసి ఎవుడెప్పుడు రావాలో మాకు తెలీనేదు. పైకి సెప్తే ఈయన నౌకరీ పోద్ది, కొత్తగా పెళ్ళైనోడు. చార్టు పక్కన దారం కట్టి ఓ పెన్సిలు ఏలాడతంది, సూసేమని సంతకం ఎట్టడానికి. మేం టీ తాగతా మాటాడుకుని, ఆ పెన్సిలుతోనే పేర్లు కొట్టీసి మార్చీసుకున్నాం. ఎవుడింట్లో జొరం, ఎవుడింట్లో పెళ్ళి, ఎవుడు నిద్దరాపుకోలేడు, అయ్యన్నీ మాకు తెలుసు గానీ కాయితానికి తెలీదు గదా. ఒకటే కట్టుబాటు, రాత్రి సేసినోడు మర్నాడు పగలు సెయ్యకూడదు. కునుకొత్తే కాలో సెయ్యో పోద్ది. ఇంకోటి, మన బదులు ఎవుడు సేసేడో అడక్కూడదు. అడిగితే మొహమాటం వత్తాది, మళ్ళీ ఎవుడూ మార్చుకోడు."

సౌజన్య ఫోన్లో గబగబా రాసుకుంటోంది. తవిటయ్య ఇక ఆగలేదు.

"నా పెళ్ళాం కాంతానికి పురుడొచ్చి మాంగోలో ఆసుపత్రిలో సావుబతుకుల్లో ఉన్నప్పుడు నాకు మూడు రాత్రులు సీ షిఫ్టు పడింది. ఎల్లి సూద్దును గదా, నా పేరు కొట్టీసి ఉన్నాది. గీత ఒక్కటే సూసేను, పక్కన ఎవుడి పేరుందో సూణ్ణేదు. కట్టుబాటు. మూడు రాత్రులూ దాని పక్కనే ఉన్నాను, అది బతికింది. ఆ సేసినోడెవుడో శుద్ధ సేతకానోడు, ఓ వాగనులో సగం బొగ్గు అలగే ఒదిలీసేడు. అయినా ఆడు సల్లగా ఉండాలని రోజూ దండమెట్టుకుంటాను. బావా, నీ మనసు కష్టపడతాదని ఇన్నాళ్ళూ సెప్పనేదు."

అప్పలరాజు చాపిన చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. ఎవరూ ఎన్నడూ వినని చిన్న గొంతుతో మాట్లాడాడు.

"నాకు తెలుసు బావా. నా అచ్చరం గుండ్రంగా ఉంటాదని ఆ పనిచ్చేరు. లెక్క నాకెక్కడ తెలుసు? మొదటి వారం రాసి, తప్పని తెలిసి, ఎలగ దిద్దాలో తెలీక ఏడిసేను. అందుకే పెన్సిలు ఏలాడదీసేను. సంతకాలకని పైవోళ్ళకి సెప్పేను. మర్నాడు సూత్తే మీరు దిద్దీసేరు. మీరే నా నౌకరీ నిలబెట్టేరు, నా పిల్లని సదివించేరు. ఆ మాట ఏ మొకంతో సెప్పను? అందుకే కోతలు కోత్తన్నాను." కూతురి వైపు తిరిగాడు. "నీకిచ్చినయ్యి ఆఫీసుకంపిన కాపీలే అమ్మా. ట్రంకు పెట్టె అడుగున ఇంకో కట్టున్నాది. గేటు కాడివి. ఆళ్ళ గీతల్తో. ఒక్కటీ పారెయ్యనేదు."

సౌజన్య ఒక్క క్షణం తండ్రిని చూసింది. ఆయన తల మీద చెయ్యి వేసి, ఇంటి సందు వైపు పరుగెత్తింది.

ఇంటర్వ్యూ మర్నాడు జరిగింది. నాలుగో రోజు సాయంత్రం ఆమె మిఠాయి పెట్టెతో కొట్టుకొచ్చింది.

"దొరికింది మావయ్యా! రెండు గంటలు ఆ గీతల గురించే అడిగేరు. యంత్రం చార్టు వెయ్యాలి గానీ మనుషులు వాళ్ళలో వాళ్ళు మార్చుకునే చోటు వదలాలి, రెస్టు రూలు ఎవరూ తప్పకుండా మాత్రం యంత్రం కాపలా కాయాలి అని చెప్పేను. అక్కడ నా పని ఇంక ఇదే. మీ అందరి వల్ల."

ఆమె సంచిలోంచి ఓ పాత కాగితం తీసి తవిటయ్య చేతికిచ్చింది. "కట్టుబాటు తప్పుతున్నాను, ఏమనుకోకు. ఆ మూడు రాత్రులదీ ఇదే."

తవిటయ్య కళ్ళజోడు పెట్టుకున్నాడు. సీ షిఫ్టులో మూడు చోట్ల తన పేరు మీద గీత ఉంది. గీత పక్కన, ముప్ఫై ఏళ్ళు గేటు దగ్గర చూసిన అవే గుండ్రటి అక్షరాలు. అప్పలరాజు.

ఆయన కళ్ళు నిండిపోయాయి. "సూరీడికి రెస్టిచ్చేనని సెప్పినోడివి, ఇది సెప్పనేదేటి బావా?"

"అది నిజిం గదా బావా," అన్నాడు అప్పలరాజు సిగ్గుపడుతూ. "నిజాన్ని ఏటని సెప్తాం?"

తవిటయ్య లేచి, ఎవరూ కూర్చోని ఆ బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని, రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా కాంతం నువ్వెట్టిన బిచ్చం బావా. నీ మేలు మర్చిపోను."

పైడిబాబు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. రాజ్‌కిరణ్ ఆటో దిగి వచ్చి, "వాహ్ చాచా! తీన్ రాత్ అకేలే?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అప్పలరాజు ఛాతీ మళ్ళీ పొంగింది. తవిటయ్య పట్టులోంచి చేతులు విడిపించుకుని బారలు చాపాడు.

"మూడు రాత్రులేటి! ముప్పై వాగన్లు, ఒక్కణ్ణే! పార అరిగి సెంచా అయిపోనాది. నా సెమటకి సువర్ణరేఖ నదిలో నీళ్ళు పెరిగి..."

"ఒకటే వాగను బావా," అన్నాడు తవిటయ్య కళ్ళు తుడుచుకుంటూ. "అదీ సగమే. మిగతా సగం నానొచ్చేక ఎత్తేను."