కోచ్ గారి పెన్ను

అలబామాలో ఒక పల్లె, మిట్టమధ్యాహ్నం. కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, తను జట్టులోకి తీసుకోవాలనుకున్న కుర్రాడి నానమ్మకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇదిగోనమ్మా కాగితం. మీ డాల్టన్ సంతకం పెడితే చదువు, తిండి, గది అన్నీ మా ఖర్చే."

"వాడి కోర్టు కేసు సంగతి తెలిసే వచ్చావా నాయనా?"

"తెలుసు. జడ్జి వదిలేశాడుగా."

"సాక్షి లేడని వదిలేశాడు. దెబ్బ తిన్నవాడికి ఇప్పటికీ మాట రాలేదు."

"కుర్రతనంలో తప్పులు చేస్తారమ్మా. మేం దారిలో పెడతాం."

"నేనూ అలాగే అనుకున్నా. వాడొస్తే తెలుస్తుందని మూడు కుక్కల్ని పెంచా. ఒక్కటీ మొరగలేదు. ఇప్పుడు మూడూ లేవు. వాణ్ణి తీసుకెళ్లకు నాయనా, అక్కడ పరాయివాళ్ల పిల్లలుంటారు."

"కుక్కక్కూడా తెలీకుండా వచ్చే ఆ గుణమే మాక్కావాలి. ఆటలో చూశాగా, బంతి పట్టుకున్నవాడి మీద పడేదాకా వాడి అడుగు చప్పుడైనా వినపడదు. ముప్ఫై ఏళ్లలో అలాంటివాణ్ణి చూళ్లేదు... ఏంటమ్మా, టీ పోస్తూ అలా ఆగిపోయారు?"

"ఏం లేదు. తీసుకెళ్లు. బంగారంలాంటి పిల్లాడు."

"ఇప్పుడేగా వద్దన్నారు?"

"ముసలిదాన్ని, ఏదో వాగాను. ఈ టీ తాగి, సంతకం పెట్టించుకుని వెళ్లు."

"సరే, వాణ్ణి పిలవండి. అరె, నా పెన్నేదీ? ఈ కోటు జేబులోనే ఉండాలే."

"వెతక్కు నాయనా. అది వాడి చేతిలో ఉంది."

"వాడెక్కడున్నాడు?"

"నువ్వలా మెచ్చుకుంటున్నప్పుడే వచ్చాడు. నీ కుర్చీ వెనకే నిలబడ్డాడు."