గొర్రె చెవి

అల్మాటీలో సాఫ్ట్‌వేర్ సదస్సు విందు. పగలు స్టేజీ మీద కజక్ భాషలో ఏమడిగినా టక్కున జవాబిచ్చిన యంత్రాన్ని తలుచుకుని, ఓ ఆస్పత్రి తరఫున వచ్చిన ఆమె ఇంకా మురిసిపోతూనే ఉంది. ఆ యంత్రం చేసిన కంపెనీ అమ్మాయి పక్కనే కూర్చుని ప్లేటు అవతలికి నెట్టేసింది.

“అదేంటి చెల్లీ, చెవి ముట్టుకోలేదు? మీ బాస్ ఎర్బోలాత్ గారు అందరి ముందూ గొర్రె తల నుంచి కోసి, చిన్నదానివని నీకే పెట్టారుగా!”

“పెద్దల మాట వినాలని పెడతారు కదక్కా. చూస్తేనే డోకొస్తోంది. పొద్దుట్నుంచీ విన్నది చాల్లే.”

“ఏం విన్నావు? స్టేజీ మీద నువ్వు కనబడనే లేదే?”

“తెర వెనకాల ఉన్నా, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని. మీరడిగినవన్నీ విని జవాబులు టైపు చేసింది నేనే. ఆ యంత్రానికి కజక్ ఒక్క ముక్క రాదు.”

ఆమె నోట్లో మాంసం చేదెక్కింది.

“నేనడిగిన గుండెనొప్పి ప్రశ్నకి?”

“అదీ నేనే. ఇంటర్నెట్లో చూసి కొట్టా.”

“ఛీ ఛీ! రేపట్నుంచి దాన్ని మా ఎమర్జెన్సీలో పెడుతున్నామే!”

“తెలుసక్కా. రాత్రి డ్యూటీ కూడా మా బాస్ నాకే వేశాడు.”

ఆమె లేచి, ఆ చెవిని తీసుకెళ్లి ఎర్బోలాత్ ప్లేట్లో పడేసింది.

“తినండి. ఇప్పుడు నేను చెబుతా, మీరు వినండి.”