చేతికిచ్చిన కత్తి

కొండమ్మని ఒకతె ఉండేదంట, ఉలవపాడు దిక్కున. అసలు పేరు మాలకొండమ్మ, అంత పేరు పెట్టి పిలిచే తీరిక సంతలో ఎవరికుంది, అందరూ కొండమ్మా కొండమ్మా అనేవోళ్ళు. పెళ్ళైన మరుసటేడే మొగుడు జరమొచ్చి పోయాడు. మిగిలిందల్లా అత్త. ఆమెకి నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదే అనుకో. ఆ అత్తాకోడళ్ళ పనేందంటే, ఎండాకాలం సంతలో కూర్చోని ఆవకాయకి మామిడికాయలు కొట్టిపెట్టటం. మీరిప్పుడు కొడతన్నారు చూడు, అట్నే. కాకపోతే మీరు బుట్టెడు కాయలకే చేతులు పడిపోయినట్టు మూలుగుతున్నారు, అది పొద్దస్తమానం కొట్టేదంట. ముక్కముక్కకీ టెంక అంటుకోని ఉండాల, ముక్క చితక్కూడదు, రసం కారకూడదు. కత్తికి పదును లేకపోతే అయ్యే పనేనా? కాదు గదా.

ఆ పదును పెట్టేటోడు ఖాసింపీరా. కాయలు సంతకి రావటం మొదలైతే చాలు, యాడ ఉన్నా సైకిలేసుకోని వొచ్చేసేవాడు. సరిగ్గా కొండమ్మ పరుచుకున్న గోనెపట్టా ఎదురుగా స్టాండేసేవాడు. సైకిలెక్కి తొక్కితే ముందర బిగించిన రాయి తిరగద్ది, పైన డబ్బాలోంచి దానిమీద బొట్టుబొట్టుగా నీళ్ళు పడతయ్యి. ముందు గరుకు రాయి, అంచు దిద్దటానికి. అది తీసేసి నున్న రాయి, గీతలు పోవటానికి. ఆఖర్న తోలు చుట్టిన చెక్క చక్రం. మోటారు మిషనోళ్ళు గిర్రున తిప్పి నిప్పురవ్వలు లేపి అరగడియలో ఇచ్చేసేవోళ్ళు, జనం కూడా రవ్వలు చూసి అబ్బో అనుకునేవోళ్ళు. ఈయన మాత్రం నెమ్మది. ఎంత నెమ్మదంటే, తిరిగే రాయి మీద మచ్చ కూడా కనపడేదంట. ఎవరన్నా కాస్త తొందరగా తొక్కయ్యా అంటే, తొందరపడితే ఇనుము కాలద్ది, కాలిన అంచు నిలవదు, తొందరున్నోళ్ళు మోటారు దగ్గరికి పోండి అనేవాడు. కొండమ్మకి ఏం తొందర? ఆయన తొక్కుతా ఉంటే అది కాయలు తుడుస్తా కూర్చునేది. ఆ కాసేపూ దానికి లోకం చల్లగా ఉండేదనుకో.

ఇక్కడ ఏమైందంటే, కొండమ్మ కత్తి ఊరికూరికే మొండిబోయేది. మొండిబోదా మరి, పొద్దున్నే గుడిసె వెనకాల గుమ్మడిపాదు కాడ రాయి మీద కత్తి అంచుని తనే రుద్దుకోని వొచ్చేది! నవ్వబాకండి. ఆయనతో రెండు మాటలు మాట్లాడాలంటే దానికి వేరే దారేది? తీసకపోయి సైకిలు ముందు నేలమీద పెట్టేది, ఆయన వొంగి తీసుకునేవాడు. సాన పట్టటం అయినాక ఆయనా నేలమీదే పెట్టేవాడు, ఇది తీసుకునేది. కత్తి చేతికిస్తే ఇచ్చినోళ్ళకీ తీసుకున్నోళ్ళకీ గొడవలొస్తాయని మనోళ్ళ పట్టింపు గదా. ఎన్ని ఎండాకాలాలు పోయినా అంతే, మధ్యలో నేల. అత్త చూసీ చూసీ, ఏందే, కాయలు కోస్తన్నావా కొండరాళ్ళు కోస్తన్నావా, ఈ కత్తికేం రోగమొచ్చిందే అనేది. టెంకలు గట్టిపడినయ్యత్తా అనేది ఇది. లేతకాయలకి గట్టి టెంకలంట! అత్తకి తెలవకనా, తెలిసే అనేది.

అట్టా జరగతా ఉంటే ఒక ఏడాది కాయలొచ్చినయ్యి, సంత నిండింది, ఖాసింపీరా మాత్రం కనపళ్ళా. కొండమ్మ పొద్దున కత్తి మొండి చేస్తది, దారి చూస్తది, మొండి కత్తితోనే ఒళ్ళు పులిసేదాకా కొడతది. చివరాఖరికి ఒకరోజు వొచ్చాడంట, సైకిలెక్కి కాదు, నడిపించుకుంటా, కుడికాలు ఈడ్చుకుంటా. కొండమ్మ పోయి కత్తి నేలమీద పెట్టింది. ఆయన తీసుకోని ఎక్కాడు, తొక్కాడు. గరుకు రాయి అయింది, నున్న రాయి అయింది. ఇంక ఇచ్చేస్తాడులే అని కొండమ్మ లేవబోతే, ఉండు, ఈసారి తోలు చక్రం కూడా పడతా అన్నాడంట. అంటే ఇన్నాళ్ళూ పట్టలేదా అంది. ఆయన కత్తి వంకే చూస్తా చెప్పాడంట, రాళ్ళు పట్టినాక అంచున ఈకంత పొర మిగిలిపోద్ది కొండమ్మా, తోలు మీద దాన్ని తీస్తేనే పదును నిలుస్తది. అందరి కత్తులకీ తీసేవాణ్ణి. నీ కత్తికి తియ్యలా. తీస్తే నువ్వు మళ్ళీ రావుగా.

మరి నేను రాయికేసి రుద్ది తెచ్చేది నీకు తెలుసా అంది కొండమ్మ. తెలుసు, టెంక మీద పోయిన అంచు ఒక తీరుగా ఉంటది, రాయి మీద పోయింది ఒక తీరుగా ఉంటది, నాకు తెలవదా అన్నాడు. చూశారా, ఇదేమో చెడగొట్టుకోని రావటం, ఆయనేమో సగం బాగుచేసి పంపటం, ఒక్కళ్ళన్నా నోరు తెరిచి చెప్పుకున్నారా! నాకైతే ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలనిపిస్తది. మరి ఇప్పుడెందుకు పడతన్నావు తోలు అంది కొండమ్మ. మోకాలు పోయింది కొండమ్మా, ఇంక తొక్కలేను, రాయచూరులో మా చెల్లెలుంది, అక్కడికి పోతన్నా, మోటారోడి చేతిలో నీ కత్తి కాలిపోకూడదు, ఇది చాలాకాలం నిలుస్తది అన్నాడంట. అని, తోలు చక్రం మీద అటొకసారి ఇటొకసారి, ఎంత నెమ్మదిగానో, కాలు నొప్పి పుడతన్నా ఆపకుండా పట్టాడు. అయింది. నేలమీద పెట్టబోయాడు.

చేతికియ్యి అంది కొండమ్మ.

చేతికిస్తే గొడవలొస్తాయంట గదా అన్నాడు.

రానియ్యి సాయిబూ, గొడవ పడటానికన్నా వొస్తావు గదా అంది.

ఆయన లుంగీ అంచుతో కత్తి తుడిచి, అంచు తన చేతి వైపుకి తిప్పుకోని, పిడి ఆమెకి ఇచ్చాడు. వేళ్ళు తగిలినయ్యా అంటే తగిలినయ్యి. అంతే.

ఆ ఏడంతా కాయలు కొట్టినా అంచు మొండిబోలేదంట. ఎంత బాగా తెగితే దానికి అంత ఏడుపొచ్చేది. పై ఏడాది కాయలొచ్చినయ్యి, ఆయన రాలా. ఆ పై ఏడూ రాలా. కొండమ్మ మటుకు కాయ కొడతా, ఎదురుగా సైకిలు నిలబెట్టే జాగా వంక చూసి తిట్టేదంట, నీ కాలు బాగుపడలేదా, రాయచూరులో రాళ్ళు లేవా, ఒక కబురన్నా పంపకూడదా అని. లేని మనిషితో గొడవేందే అంది అత్త ఒకనాడు. చేతికిచ్చాడు గదత్తా అంది కొండమ్మ. ఆ తర్వాత ఆ జాగాలో ఉల్లిగడ్డల వాడు గోనెపట్టా పరవబోతే, అత్తే ఆ పెద్ద నోరు పెట్టి లేపి పంపేసిందంట.

ఇదీ కథ. మళ్ళీ వొచ్చాడా అని అడగబాకండి, రాలా. ఏమే, ఆ కత్తి నా చేతికియ్యబాక, కింద పెట్టు, నేనే తీసుకుంటా. నీతో గొడవ పడే ఓపికా లేదు నాకు, నువ్వు రాకపోతే దారి చూసే ఓపికా లేదు.