బట్టలుతికే తొట్టి దగ్గర పిల్ల

అవునవును, మీరు హాయిగా పడుకోండి లవీనియా టీచరమ్మా! నిన్న పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు, అప్పుడే ఈ జిల్ఫా వచ్చి గోల మొదలెట్టిందనుకుంటున్నారా? మరెక్కడికెళ్లి మొత్తుకోను?

నాతో చదివిన కోరా వచ్చింది, చూశారా? పట్నం టోపీ, పట్నం బూట్లు! ఉత్తరాదిన ఏదో కాలేజీలో లాటిన్ చెబుతుందట. లాటిన్!

మన జార్జియాలో నల్లపిల్లలకి ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం నేర్పితేనే కదా దొరలు చందాలిచ్చేది? మీరు చాటుగా చెప్పే లాటిన్ సంగతి తెలిస్తే బడికి తాళమే. అందుకే వాళ్ల బండి గేటు తిరగ్గానే వంటామె రేకు పళ్లెం మోగించేది. పుస్తకాలన్నీ మాసిన దుప్పట్ల కిందకి, మేమంతా తొట్ల దగ్గరకి! ఇప్పటికీ అదే నాటకం. అది మీరు ఆడించబట్టే మాకు నాలుగు ముక్కలు వచ్చాయి, కాదనను.

కానీ ప్రతిసారీ ముందు నన్నే ఎందుకు నిలబెట్టారు? "నీకైతే నవ్వు రాదే జిల్ఫా, నువ్వు ముందుండు" అనేవారు. నా మీద అంత నమ్మకమా అని మురిసిపోయాను, వెర్రిమొహాన్ని!

మన బడికి ఒకే ఒక్క కాలేజీ సీటొచ్చింది. లాటిన్‌లో ఫస్టు ఎవరు? నేను. కోరా నా నోటుపుస్తకం చూసి రాసేది, మీకు తెలీదూ? అయినా దాన్నే పంపారు. నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి ఏమన్నారు? "నీ మొహం దొరలందరికీ తెలుసే. ఉతికే పిల్ల కాలేజీకెలా వెళ్లిందని ఆరా తీస్తారు. వచ్చే ఏడు చూద్దాంలే."

ఆ వచ్చే ఏడు రానేలేదు టీచరమ్మా! ఇరవై రెండేళ్లుగా బడి బట్టలన్నీ నేనే ఉతుకుతున్నాను. చూడండి, బట్టల సోడాకి వేళ్లెలా పగిలాయో. మీరు నన్ను మోసం చేశారు. ఇంకే మాటా లేదు దానికి.

నిన్న ఇక్కడే ముసలి దొర నన్ను గుర్తుపట్టాడు. "నువ్వు ఆ తొట్టి దగ్గర పిల్లవి కదూ! మీ టీచరు నీకేం నేర్పిందో చెప్పు, ఆవిడ సమాధి రాతి మీద చెక్కిస్తాం" అన్నాడు.

లాటిన్ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చిందండీ.

"బట్టలు తెల్లగా ఉతకడం నేర్పారు దొరా" అన్నాను. రాసుకున్నాడు.

వంటామె నన్ను కావలించుకుని ఒకటే ఏడుపు, "బడిని కాపాడావే తల్లీ" అని. మీరూ అలాగే అనుకుంటున్నారేమో! బడీ, పిల్లలూ నాకు ఆ తర్వాత గుర్తొచ్చారు. ముందు గుర్తొచ్చింది మీరే. నన్ను ఇన్నేళ్లు ఉతికే పిల్లగానే ఉంచారుగా, ఉండండి మరి, మీరూ ఆ రాతి మీద ఉతకడం నేర్పిన టీచరుగానే ఉండండి.