హెర్మియాస్‌గారి దంతపు పెట్టె

...ఎంత గోల చేశాడనుకున్నావు మీ అన్న! వైద్యుడి పనిముట్లు వైద్యుడితోనే పాతెయ్యాలట, లేకపోతే పరువు పోతుందట. సమాధి మూసేదాకా నా పక్కనుంచి కదిలితే ఒట్టు.

సరే, నీ పెళ్లాం పోస్తోంది, తాగు. నీ బూడిదకుండ మీదికి ఈ మట్టిగొట్టం దింపించిందే అందుకు కదా, పైనుంచి పోసింది నీకు చేరాలని. ద్రాక్షసారాలో నీళ్లు కలపలేదులే.

అబ్బో, ఏం పెట్టెయ్యా అది! ఏనుగు దంతం, వెండి అంచులు, మూతమీద పాము చుట్టుకున్న కర్ర పట్టుకున్న వైద్యదేవుడు. రేవులో మూటలు మోసేవాడి కాలు విరిగిందని పిలుపొస్తే, ముందు పెట్టె నడవాలి, వెనక నువ్వు. నలుగురూ చూడాలి మరి. లోపలేముందో ఎవడు చూశాడు? కత్తులు, సూదులు, కొక్కేలు అన్నీ ఒకదానిమీద ఒకటి, అంట్లగిన్నెల్లాగా.

నేను పనిముట్లు పెట్టుకునే తోలుచుట్ట చూసి మాత్రం నవ్వేవాడివి. మంత్రసానివి, నీకది చాల్లే అని. అవును, మంత్రసానినే. ఒక్కోదానికి ఒక్కో అర కుట్టుకున్నాను, మొన లోపలికి, పిడి పైకి. చూడకుండా చెయ్యి పెట్టినా తెగదు. కడిగి, తుడిచి, నూనె రాస్తేగానీ చుట్టను. నువ్వూ అలా పెట్టుకోవయ్యా అంటే, పెట్టె అందం చెడుతుందన్నావు.

చివరికేమైంది? ఆ ఓడ సరంగు గడ్డ కోసి, కత్తి తుడవకుండానే పెట్టెలో పడేశావు. జనం వంక చూస్తూ మళ్లీ అందులోనే చెయ్యి పెట్టావు. వేలు తెగింది. తెల్లారేసరికి చెయ్యంతా వాచింది. కోస్తానయ్యా, చీము తీసేస్తానని కాళ్లావేళ్లా పడ్డాను. ఏమన్నావు?

"నామీద ఆడదాని కత్తా? రేవంతా నవ్వుతుంది."

నవ్వలేదులే. నీ శవం వెనకాల బాగానే ఏడ్చింది.

ఇక విను. మీ అన్న కళ్లముందే పెట్టె నీ పక్కన పెట్టాను. మూత తెరవలేదాయన, దేవుడి బొమ్మకి దణ్ణం పెట్టి ఊరుకున్నాడు. మీ ఇంటివాళ్లకి పైన బొమ్ముంటే చాలుగా. లోపలున్నవి గులకరాళ్లు. చప్పుడవకుండా ఉన్నిలో చుట్టాను.

కత్తులన్నీ నా తోలుచుట్టలో ఉన్నాయి. నీ వేలు కోసిన ఆ కత్తినే తోమి, కాల్చి, పొద్దున తాళ్లు పేనేవాడి చేతిలో చీము తీశాను. బతుకుతాడు. ఆడదాని కత్తని వాడేం సిగ్గుపడలేదు మరి.

ఒక్క వేలు నా చేతిలో పెట్టి ఉంటే, ఇంట్లో నా ఎదురుగా కూచుని గిన్నెలో తాగేవాడివి. తాగు ఇప్పుడు, గొట్టంలోంచి.