మూడో రీలు తర్వాతే నాలుగో రీలు

1989 జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన చలనచిత్ర పురస్కారాల కార్యాలయంలో ప్రదర్శన సహాయకురాలిగా చేరి, క్రమంగా ఆ విభాగానికే అధిపతియై, నేడు పదవీ విరమణ చేస్తున్న మా ‘రీలక్క’ గారిని గురించి రాసే భాగ్యం నాకు దక్కింది. పక్క గదిలో ఏం జరుగుతోందో తెలియకపోతే అన్నం అరగని వాణ్ణి కనుక, ఆ భాగ్యానికి అర్హుడనే అనుకుంటున్నాను.

వారు చేరిన కొన్నేళ్లకు ఒక కొత్త దర్శకుడి చిత్రం పోటీకి వచ్చింది. పత్రికలన్నీ మెచ్చుకున్నా విడుదలకు థియేటర్ దొరకలేదు. పురస్కారం వస్తే గాని ఎవరూ తలుపు తీసేలా లేరు. ప్రదర్శన ముగిశాక న్యాయనిర్ణేతలు ఉప్పొంగిపోయారు. “చనిపోయిన తండ్రి మళ్లీ గుమ్మంలోకి నడిచొస్తాడా! అబ్బ, ఏం ఊహండీ!” అన్నారు అధ్యక్షులు. బహుమతి ఖాయమైనట్టే.

అంతలో ఫిల్ము తిరిగి చుడుతున్న రీలక్క గారికి దాని మొదట్లో ఉన్న అంకె కనబడింది. రవాణాలో అంకెలు వేసిన పెట్టెల మూతలు తారుమారై, మూడో రీలుకు ముందే నాలుగో రీలు నడిచింది! నేను వద్దంటున్నా వినక, వారు సరాసరి న్యాయనిర్ణేతల గదిలోకి వెళ్లి, “అయ్యా, వరుస తప్పింది. రేపు సరిగ్గా వేస్తాను, చూసి తేల్చండి” అన్నారు. మర్నాడు చూశారు, తేల్చారు. బహుమతి మరొకరికి వెళ్లింది.

“నోరు మెదపకుంటే ఏం పోయేదక్కా?” అని ఉండబట్టలేక అడిగాను.

“అవార్డొచ్చేదే తమ్ముడూ. కానీ అతను తీసిన సినిమాకి కాదుగా!”

బహుమతి రాని కారణం తెలుసుకోవడానికి దర్శకుడు వచ్చినప్పుడు ఆమె దాచకుండా అంతా చెప్పారు. కేకలేస్తాడని నేను బిక్కచచ్చిపోయాను. అతను మాత్రం, “అంత బాగుందా? ఆ వరుసలోనే ఒకసారి వేయరూ?” అన్నాడు. వేశారు. తండ్రి గుమ్మంలోకి రాగానే అతను వెక్కివెక్కి ఏడ్చాడు.

“అది మా నాన్న కథండీ. ఆయన తిరిగి రాలేదు,” అన్నాడు చివరికి. “సరిగ్గా వేసి మంచి పని చేశారు.”

నాటి నుంచి బహుమతులు ప్రకటించిన మర్నాడు, అందరూ మెచ్చుకున్నా ఏ పురస్కారమూ దక్కని ఒక చిత్రాన్ని సిబ్బందికి చూపడం వారు ఆనవాయితీ చేశారు. రీళ్లు పోయి డిజిటల్ వచ్చినా అది మానలేదు. అంత మంచి చిత్రాలు ఎలా జారిపోతాయో నాకు నేటికీ అంతుబట్టలేదు. అక్కగారిని అడిగితే, “ముందు చూడు, తర్వాత ఆలోచిద్దువు గాని” అంటారు.

ఆ తొలి చిత్రం మాత్రం థియేటర్ మొహం చూడనే లేదు. ఈ సాయంత్రం సభానంతరం దాన్నే వేస్తున్నాం. తల నెరసిన దర్శకులు గారు పెట్టెలు స్వయంగా మోసుకొచ్చారు. ఆ పాత ప్రొజెక్టర్ మీద చెయ్యి వేసే ధైర్యం మాకెవరికీ లేదు గనుక, విరమణ రోజున కూడా పని అక్కగారిదే. వారి భర్తగారూ అమ్మాయీ మమ్మల్ని క్షమించాలి.

రీలక్క గారూ, మీ ముందున్న రోజులు ఆయురారోగ్యాలతో, ఏ తొందరా లేకుండా, ఒకదాని వెనుక ఒకటి వరుసగా రావాలి. చివరి రీలు మాత్రం ఎంత ఆలస్యమైతే మాకంత సంతోషం.